మిరపకాయల గదిలో గాలి మిషను

ధూళిపాళ్ల,
జులై 10, 2005.

మాణిక్యానికి,

ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఎవరూ?" అంటావు, నేను గొంతు చించుకుంటాను, బూత్ దగ్గర నిలబడ్డవాళ్లంతా మన కబుర్లు వింటారు, నువ్వు తప్ప. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. మరమగ్గాల షెడ్డులో ఆ మోత మధ్య నూలు కండెలు చుట్టీ చుట్టీ చెవులు పోగొట్టుకున్న ఆడపడుచు ఉంటే ఇంతే మరి.

సంగతేమిటంటే, నా చేతి బంగారు గాజులు మిషనుగా మారి ఇంటికొచ్చాయి. కంగారు పడకు, మొదటినుంచీ చెబుతాను. వైశాఖంలో మా వీధిలో పెళ్లికి వెళ్లి, అక్షింతలు చేత్తో పట్టుకుని కుర్చీలోనే నిద్రపోయాను. తలంబ్రాలయ్యేదాకా గురక పెట్టానట. నీకు చెబితే చీరాలంతా చాటేస్తావని చెప్పలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత గుంటూరు నుంచి వస్తూ బస్సులో నిద్రపోయి, మా ఊళ్లో దిగాల్సినదాన్ని పిడుగురాళ్లలో లేచాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

డాక్టరు ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి, తలకీ గుండెకీ తీగలు అంటించి చూశాడు. నిద్రలో నా గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతోందట. ఆగినప్పుడల్లా ఒళ్లు ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తుందట. రాత్రంతా ఇదే పని, నాకు మాత్రం తెలియదు. పగలు తూగు అందుకేనట. ఇలాగే వదిలేస్తే గుండె అలిసిపోతుంది, ఏదో ఒక రాత్రి ఆగిన ఊపిరి ఆగినట్టే ఉండిపోవచ్చునమ్మా అన్నాడు. మెల్లగా, మంచినీళ్లు తాగమన్నట్టు చెప్పాడు.

ఆయన రాసిచ్చిందే ఈ గాలి మిషను. ముక్కుకి తొడుగు, దానికి ఏనుగు తొండం లాంటి గొట్టం, గొట్టం చివర బియ్యం డబ్బా అంత పెట్టె. ఆ పెట్టె గదిలో గాలి పీల్చి నా ముక్కులోకి ఊదుతూ ఉంటుంది. బతికినన్నాళ్లూ రోజూ పెట్టుకోవాలట. మన పొలం కౌలుకి చేస్తున్న మీరావలి వచ్చి ప్లగ్గు తగిలించి వెళ్లాడు. తొడుగు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. మీ అన్నయ్య పోయి రెండో ఏడు నడుస్తోంది గానీ, ఉండుంటే ఈ అవతారం చూసి ఏమనేవాడో.

మీ వదిన,
సుబ్బరావమ్మ


చీరాల,
జులై 19.

వదినకి మాణిక్యం రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. ఏనుగు తొండం దగ్గరికొచ్చేసరికి నవ్వాను. మా ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని నా మొహంలోకి వింతగా చూశాడు. పెళ్లిలో గురక సంగతి చాటనులే, ఇంటిపక్కవాళ్లిద్దరికి చెప్పానంతే.

వదినా, వేళాకోళం పక్కన పెట్టు. గాజులదేముంది, నీ చేతులకి ఎలాగూ అవి బిగుతే. మిషను మాత్రం పక్కన పెట్టకు. ముక్కుపుడక కోసం కొత్తగా ముక్కు కుట్టించుకున్నప్పుడు ఎంత రాద్ధాంతం చేశావో నాకు గుర్తుంది. నాలుగు రోజులకి అలవాటు కాలేదూ? ఇదీ అంతే.

నిన్న తెల్లవారుజామున అన్నయ్య కలలోకి వచ్చాడు. సైకిలు మీద వచ్చి మా వాకిట్లో దిగాడు. అదే చొక్కా, అదే తువ్వాలు. లోపలికి రమ్మంటే రాడు. "మీ వదిన ఏదే?" అన్నాడు. కలలో నాకు చెవులు బాగానే వినపడతాయి వదినా, అదొక సుఖం. ఇక్కడెందుకుంటుంది, ఊళ్లో ఉంది అని చెప్పాను. సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు. ఈపాటికి నీ దగ్గరికి వచ్చే ఉంటాడు.

మిషను రోజూ పెట్టుకుంటున్నావా లేదా, ఆ ఒక్క ముక్కా రాయి.

మాణిక్యం


ధూళిపాళ్ల,
ఆగస్టు 6.

మాణిక్యం,

పెట్టుకుంటున్నాను. పెట్టుకుని పీకేస్తున్నాను. ఆ ఒక్క ముక్కా రాశాను, చాలా?

అది ఊదటం మొదలుపెట్టిన కాసేపటికే ముక్కు మండుతుంది. తర్వాత గొంతు. కళ్లలోంచి ధారగా నీళ్లు. దగ్గొస్తే తొడుగులోనే దగ్గాలి, ఆ దగ్గు నా మొహానికే కొడుతుంది. గుంటూరు వెళ్లి చెప్పాను. కొత్తలో అందరికీ ముక్కు ఎండుతుందన్నారు, తొడుగు మార్చారు, ముక్కులో వేసుకోవడానికి మందిచ్చారు. ఇంటికొచ్చి పెట్టుకుంటే అదే మంట. ఆసుపత్రిలో పెట్టి చూపించినప్పుడు మాత్రం హాయిగా ఉంది. మన ఇంటికొస్తే మిషనుకి కూడా దయ్యం పడుతుందేమో.

మంట లేని పూట కరెంటు పోతుంది. నిద్రలో ఉండగా గాలి ఆగిపోయి, మూతి మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కినట్టయి లేస్తాను. చీకట్లో ఆ పట్టీలు ఊడిరావు. కేకేస్తే పలికేదెవరు? లేచి కూర్చుని కరెంటు వచ్చేదాకా గోడకేసి చూస్తూ ఉంటాను. గదిలో చోటు లేక మిషను తలాపున స్టూలు మీద ఇరికించాను, అది కూడా నాకేసే చూస్తూ ఉంటుంది.

మీ అన్నయ్య నన్ను వెతుక్కుంటూ చీరాల దాకా వెళ్లాడా? ఇల్లు మర్చిపోయాడా ఏమిటి? పోయిన దగ్గర్నించీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నా కలలోకి రాలేదు మాణిక్యం. నీ దగ్గరికొచ్చాడు. మీరావలి కలలోకొచ్చి కాలవ గట్టు వేయించమన్నాడట. ఊళ్లో సగంమందికి కనిపించాడు. ఇన్నేళ్లు వండిపెట్టినదాన్ని, నాకు కనిపించడు. నాకు కష్టంగా ఉంది. ఇది ఇంకెవరితోనూ అనలేదు.

సుబ్బరావమ్మ


చీరాల,
ఆగస్టు 20.

వదినా,

కల సంగతి రాసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. నీ పెళ్లిరోజున నిన్ను ఏడిపించినప్పుడు కూడా ఇంత బాధపడలేదు.

ఈ కవరుతో పాటు పార్సెలు పంపుతున్నాను. మెత్తటి నేత గుడ్డ, మన చీరాలదే. పట్టీలు ఒరుసుకునే చోట చెంపల మీద వేసుకో. మంటకి మాత్రం నాకేం తోచడం లేదు. ఆసుపత్రిలో లేని మంట ఇంట్లో ఎందుకొస్తుంది? గదిలో ఏముంది? సున్నం రాలుతోందా? దోమలకి ఏమన్నా పొగ వేస్తున్నావా? ఒకసారి చుట్టూ చూసి రాయి.

ఒక్కదానివీ అక్కడెందుకు, ఇక్కడికొచ్చి ఉండు. మా ఇంట్లో మనుషులకి కొదవ లేదు. కొడుకు, కోడలు, మనవలు, మా ఆయన, ఆయన కోసం వచ్చే షెడ్డు వాళ్లు. అందరూ ఒకేసారి మాట్లాడతారు. అందరూ ఒకేసారి నవ్వుతారు. ఏమిట్రా అంటే మా వాడు చెయ్యి ఊపి "ఏం లేదులే అమ్మా" అంటాడు. పెదాల కదలిక చూసి ఆ మాట ఒక్కటీ బాగా గుర్తుపట్టగలను. ఇక్కడి సందడి అంతా నాకు గాజు తలుపు అవతల జరుగుతూ ఉంటుంది. నువ్వుంటే నా పక్కన కూర్చుని పలక మీదన్నా రాసి చెబుతావు.

వస్తావు కదూ?

మాణిక్యం


ధూళిపాళ్ల,
సెప్టెంబరు 18.

మాణిక్యం,

గుడ్డ అందింది. మెత్తగా ఉంది. దాచుకున్నాను.

నేను రాను. ఈ గది వదిలి రాలేను. ఎందుకని అడగొద్దు. గదిలో ఏముంటుంది, మామూలే.

మిషను అటకెక్కించాను. కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నాను. నాకు ఇదే బాగుంది. మొన్న పాలు పెట్టి పొయ్యి ముందు కునికాను, చీర చెంగు అంటుకుంది. దారిన పోతున్న మీరావలి పొగ చూసి లోపలికొచ్చి కుండెడు నీళ్లు కుమ్మరించాడు. చెయ్యి కొంచెం కాలిందంతే. నువ్వు ఎవరి ద్వారానో విని హడావిడి పడతావని నేనే రాస్తున్నాను.

ఇంక నన్ను మిషను గురించి అడగొద్దు. పోయేవాళ్లని ఎవరాపారు? మీ అన్నయ్య రాత్రి అన్నం తిని, రేపు తోటకి నీళ్లు పెట్టాలి అని చెప్పి పడుకున్నాడు. తెల్లారేసరికి లేడు. ఆయనకి గురక లేదు, రోగం లేదు, మిషను లేదు. నాకూ అలాగే వస్తే మంచిదే కదా.

సుబ్బరావమ్మ


చీరాల,
సెప్టెంబరు 25.

వదినా,

నీ ఉత్తరం విప్పగానే తుమ్మాను. కోపంలో పట్టించుకోలేదు. నీ కాలిన చెయ్యి తలుచుకుని తిట్లన్నీ కూడబలుక్కుంటున్నాను. మా ఆయన తీసుకుని చదివాడు, ఆయనా తుమ్మాడు. కోడలు తీసుకుంది, కళ్లు నలుపుకుంటూ ఇచ్చేసింది. అప్పుడు పెట్టెలోంచి నీ పాత ఉత్తరాలు తీసి ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. చెవులు పోయాయి గానీ నా ముక్కు బాగానే ఉంది. అన్నీ ఒకటే వాసన. ఎండుమిరపకాయల ఘాటు.

ఉత్తరాలు ఎక్కడ కూర్చుని రాస్తున్నావు? నీ గదిలోనే కదూ? కాగితానికే ఇంత ఘాటు పట్టిందంటే ఆ గదిలో మిరపకాయలున్నాయి. వాసనకి ఉన్నవి కాదు, బస్తాలున్నాయి. అవునా కాదా?

మిరపకాయల మధ్య బతికే మీ అందరి సంగతీ ఇదే కదా. మీకు ఘాటు తెలియదు. పెళ్లయి చీరాలొచ్చిన కొత్తలో నేనూ అంతే, నా ట్రంకుపెట్టె తెరిస్తే మా అత్తగారు తుమ్మేది, ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. నువ్వే రాశావు, ఆ పెట్టె గదిలో గాలి పీల్చి ముక్కులోకి ఊదుతుందని. నీకు తెలియకపోతే పోనీ, మిషనుకి తెలియదా? రాత్రంతా మిరపకాయల గాలి పోగుచేసి నీ గొంతులోకి కొడుతోంది. డాక్టరుకేం తెలుసు, పడకగదిలో మిరపకాయ బస్తాలు పెట్టుకుని పడుకున్నావా అని ఏ డాక్టరు అడుగుతాడు?

ఇంకో సంగతి చెప్పాలి. చెప్పనని అన్నయ్యకి మాటిచ్చాను. కానీ పోతే మంచిదే అని రాశావు చూడు, ఇంక ఆ మాట నిలబెట్టుకోను.

ఎడ్లు అమ్మేశాక అన్నయ్య పాత పగ్గం ముక్క ఒకటి నీ మంచం కోడుకి కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని పడుకునేవాడు గుర్తుందా? నీ గురకకి నిద్ర పట్టక లాగి లేపుతున్నాడని నువ్వు ఇంటికొచ్చినవాళ్లందరితో చెప్పి నవ్వేదానివి. అన్నయ్య ఎప్పుడూ కాదనలేదు. పోయే ముందు ఏడు ఇక్కడికొచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉంటే ఏమిటన్నాను. అప్పటికి నాకు కుడిచెవి కాస్త పనిచేసేది. దగ్గరికొచ్చి చెప్పాడు. "దానికి నిద్రలో ఊపిరి ఆగిపోతోందే. మంచం లాగితే మళ్లీ తీస్తుంది. దాంతో అనకు, భయపడి నిద్ర మానేస్తుంది."

గురకకి కాదు వదినా. గురక ఆగినప్పుడు లాగేవాడు.

ఇప్పుడు రాయి, గదిలో ఏముంది?

మాణిక్యం


ధూళిపాళ్ల,
అక్టోబరు 22.

మాణిక్యం,

ఇన్నాళ్లు రాయలేదని ఏమీ అనుకోకు. రాయడానికి కూర్చుని లేచిపోయాను, చాలాసార్లు.

పగ్గం సంగతి చదివాక మంచం కోడు దగ్గర కూర్చుండిపోయాను. అది ఒరుసుకున్న గీత ఇంకా ఉంది చెక్క మీద. నిద్ర చెడగొడుతున్నావని ఎన్ని మాటలన్నానో. ఒకసారి కోపమొచ్చి ముడి విప్పి పెరట్లో పారేశాను. మాట్లాడకుండా వెళ్లి తెచ్చుకుని మళ్లీ కట్టుకున్నాడు. మొండివాడనుకున్నాను.

నువ్వన్నది నిజం. గదిలో ఉన్నవి బస్తాలే. మీ అన్నయ్య మంచం మీద ఉన్నాయి.

ఆ ఏడు తోట ఆయన వేసిందే. నారు పోశాడు, నాటించాడు, మందు కొట్టాడు. పూత చూశాడు గానీ పండు చూడలేదు. కూలీలని పెట్టి నేనే కోయించాను, కల్లంలో ఆరబెట్టించాను. కొంత గుంటూరు మిర్చి యార్డుకి పోయింది. చివరి కోత కాయ గోతాల్లో తొక్కించి, ఆ బస్తాలు ఇంటికి తెప్పించాను. మంచి రేటు కోసం ఆపానని ఊళ్లో అందరికీ చెప్పాను. అబద్ధం. ఖాళీ మంచం చూడలేకపోయాను. దుప్పటి తీసేసి వాటిని మంచం మీద పేర్పించాను. చీకట్లో ఇటు తిరిగి చూస్తే ఎవరో పడుకున్నట్టు ఎత్తుగా కనపడతాయి. చెయ్యి చాపి గోతాం మీద పెట్టుకుని పడుకునేదాన్ని. అంతే మాణిక్యం. పిచ్చిదాన్నని నవ్వుకో.

నీ ఉత్తరం చూసి మిషను అటక మీదనుంచి దింపించాను. దాని వెనక చిన్న దూది పలక ఒకటి ఉంటుంది, గాలి వడకట్టడానికి. కొన్నప్పుడు తెల్లగా ఉండేది. ఇప్పుడు కారం డబ్బాలో ముంచి తీసినట్టుంది.

బస్తాలు తీసెయ్యాలని నాకు తెలుసు. మీరావలి కూడా అన్నాడు, ఇంకా ఉంచితే పురుగు పడుతుందమ్మా, రంగు ఎప్పుడో పోయింది, అని. తీసెయ్యమని చెప్పడానికే నోరు రావడం లేదు. అవి గడప దాటితే ఆయన రెండోసారి పోయినట్టు ఉంటుంది. ఒకసారే ఎలా తట్టుకున్నానో నాకు తెలియదు.

సుబ్బరావమ్మ


చీరాల,
అక్టోబరు 29.

వదినా,

నవ్వలేదు.

పొద్దున్న మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. దేని గురించో నాకు తెలియదు. కొడుకు అరిచాడు, కోడలు ఏడ్చింది, మా ఆయన బయటికి వెళ్లిపోయాడు. నేను మధ్యలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. అడిగితే ఏం లేదులే అన్నారు. సాయంత్రానికి అందరూ మామూలైపోయారు. వాళ్లు పోట్లాడుకున్నదీ తెలియదు, కలిసిపోయిందీ తెలియదు. నా బతుకు ఇలా ఉంది.

పోస్టుమాను వచ్చిన రోజు మాత్రం నేను వినగలను. నీ ఉత్తరం ఒక్కటే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నాకు వినపడే మాట. నీ గొంతుతో సహా వినపడుతుంది, నువ్వు విసుక్కునే చోటుతో సహా. అన్నయ్య పోయాడు. నువ్వు కూడా పోతే నాతో మాట్లాడేవాళ్లు లోకంలో ఎవరూ ఉండరు వదినా. నీ కోసం మిషను పెట్టుకోకపోతే పోనీ. నా కోసం పెట్టుకో. ఇంతకంటే సిగ్గు విడిచి అడగలేను.

అన్నయ్య ఆ కాయని దాచుకోవడానికి పండించలేదు. ఆ పగ్గం కట్టింది మాత్రం నీ కోసం. ఈ రెంటిలో ఏది ఉంచుకుంటావో నీ ఇష్టం.

మాణిక్యం


ధూళిపాళ్ల,
నవంబరు 30.

నా మాణిక్యానికి,

కార్తీకం వెళ్లేలోపు బస్తాలు పంపేశాను. మీరావలి ట్రాక్టరు తెచ్చాడు. ఒక్కోటి భుజానికెత్తుకుని గడప దాటుతుంటే నేను వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. యార్డు నుంచి వచ్చి, రంగు పోయిన తాలు కాయ కింద, తక్కువ రేటుకి తీసుకున్నారమ్మా అని చెప్పాడు. దేని కింద తీసుకుంటేనేం అన్నాను. అతను అరుగు మీద కూర్చుని టీ తాగి వెళ్లాడు.

గది కడిగించాను. గోడలకి సున్నం వేయించాను. మిషనుకి కొత్త దూది పలక వేశాను. నువ్వు పంపిన గుడ్డ చెంపలకి వేసుకుని తొడుగు పెట్టుకున్నాను. మంట లేదు. చల్లటి గాలి, వానకి ముందు వచ్చే గాలిలా ఉంది. కానీ గది ఎంత పెద్దదైపోయిందో. పక్కన ఆ మంచం ఎముకల్లా కనపడింది. చెయ్యి చాపితే ఉత్త నవ్వారు పట్టీలే తగిలాయి. తొడుగు పెట్టుకుని ఏడిస్తే గాలి ఎటుబడితే అటు పోయి కీచుమంటుంది, తెలుసా? ఏడవడానికి కూడా వీల్లేని మిషను. అలా కొన్ని రాత్రులు గడిచాయి. పీకెయ్యాలనిపించినప్పుడల్లా, చీరాలలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ ఒకత్తి కూర్చుని ఉందని గుర్తు చేసుకున్నాను.

కరెంటు పోయినప్పుడు ఇప్పుడు భయపడటం లేదు. మీరావలి పాత ట్రాక్టరు బ్యాటరీకి ఏదో పెట్టె తగిలించి, గాలి ఆగకుండా చేసిపెట్టాడు.

నిన్న తెల్లవారి ఎండ మొహం మీద పడేదాకా నిద్రపోయాను. పాలమనిషి తలుపు బాది బాది వెళ్లిపోయిందట. అంత నిద్ర ఎన్నేళ్లకో. ఆ నిద్రలో మీ అన్నయ్య వచ్చాడు.

ఇన్నాళ్లూ రాలేదని ఆయన్ని ఆడిపోసుకున్నాను. నిద్రే లేనిదాని దగ్గరికి కల ఎలా వస్తుంది?

నీకు వచ్చినట్టు సైకిలు మీద రాలేదు, మాట్లాడలేదు. ఈ గదే, ఆ మంచమే. ఇటు తిరిగి పడుకున్నాడు. పగ్గం కొస చేతికి చుట్టుకునే ఉంది. ఇప్పుడు లాగుతాడు, ఇప్పుడు లాగుతాడు అని చూస్తూ ఉన్నాను. లాగలేదు. ఆ చెయ్యి మెల్లగా వదులై మంచం పక్కకి జారింది. ఎన్నేళ్ల నిద్ర బాకీ ఉన్నాడో, నోరు తెరుచుకుని, ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు.

నేను లేపలేదు మాణిక్యం. పడుకోనిచ్చాను.

మీ వదిన